గుప్పిట్లో బంతి: గారడీ చాప నుంచి పుట్టినరోజు కేకు దాకా

ముంబై హైవేను అవుటర్ రింగ్ రోడ్డు కలిసే చోట ఉంది ముత్తంగి. ఒక పక్క పటాన్‌చెరు, ఇంకో పక్క ఇస్నాపూర్, పాశమైలారం ఫ్యాక్టరీలు. షిఫ్టుల మీద బతికే ఇళ్లలో పిల్లల పుట్టినరోజంటే సాయంత్రం పూట ఒక కేకు, నాలుగు బెలూన్లు, ఇరుగుపొరుగు పిల్లలు. వాళ్లను అరగంట సేపు నవ్వించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నిమ్మకాయంత ఎర్ర స్పాంజ్ బంతులు రెండు చాలు. ఒక బంతిని పాప గుప్పిట్లో పెట్టి మూయిస్తారు. రెండోది ఆడించేవాడి చేతిలో మాయమవుతుంది. పాప గుప్పిట తెరిస్తే రెండు బంతులూ అక్కడే ఉబ్బి లేస్తాయి. ముందు ఆ పాప నోరు తెరుస్తుంది, తర్వాత గదంతా కేక పెడుతుంది.

బొమ్మల దుకాణంలో దొరికే ఈ వస్తువు చూడటానికి కొత్తది. స్పాంజ్ ఫోమ్ వరకు నిజంగానే కొత్తది, 20వ శతాబ్దంలో వచ్చిన పదార్థం. కానీ బంతిని చేతిలో దాచడం, లేని చోట ఉన్నట్టు చూపడం, ఎదుటివాడి చేతిలోనే పుట్టించడం మాత్రం ఎంతో పాత విద్య. తెలుగు నేల మీద సంతల్లో, జాతరల్లో, ఊరి రచ్చబండల దగ్గర నేల మీద గుడ్డ పరిచి కూర్చున్న గారడీవాళ్లు తరతరాలుగా కాపాడుకొచ్చిన విద్య అది. పుట్టినరోజు పార్టీకి చేరేసరికి ఆ మనుషుల పేర్లు రాలిపోయాయి, ఆట మాత్రం మిగిలింది. ఆట వచ్చిన దారిని చెప్పుకుంటే ఆ మనుషులు కూడా కనిపిస్తారు.

ఇంద్రజాలం గురించి తెలుగు కావ్యాలు చాలా ముందే చెప్పాయి. 13వ శతాబ్దంలో కేతన దండి రచనను తెనిగించి దశకుమార చరిత్రము రాసి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడున్నాడు. రాజు ఎదుట పాముల్ని రప్పిస్తాడు, గద్దల్ని రప్పిస్తాడు, నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చడం చూపిస్తాడు. చివరికి రాజకుమారి పెళ్లిని కూడా ఆటలో ఒక భాగంగా చూపిస్తాడు. సభంతా అది కనికట్టే అనుకుంటుంది. నిజానికి ఆ పెళ్లి నిజం పెళ్లే. చూసేవాళ్లు దేన్ని అబద్ధమని నమ్ముతారో దాని వెనకే నిజాన్ని దాచడం ఇంద్రజాలికుడి పనితనమని ఈ కథ రాసినవాళ్లకు బాగా తెలుసు.

కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఇంకో ఐంద్రజాలికుడు వస్తాడు. భార్యను రాజుకు అప్పగించి దేవతల తరఫున యుద్ధానికని ఆకాశంలోకి ఎక్కిపోతాడు. కాసేపటికి తెగిన చేతులు, కాళ్లు, తల కిందపడతాయి. భార్య చితి ఎక్కుతుంది. అంతలో అతను నవ్వుతూ తిరిగొచ్చి, తన భార్యను తనకు ఇవ్వమని రాజును అడుగుతాడు. రాజు సిగ్గుతో తలదించుకున్నాక ఆమె కూడా కనిపిస్తుంది. అదంతా ఇంద్రజాలమని తెలిసిన రాజు అతనికి భారీ బహుమతి ఇస్తాడు. బాగా మోసపోయినందుకు మెచ్చుకుని బహుమతి ఇవ్వడం ఈ కథలో అసలు విశేషం. గారడీవాడికీ చూసేవాళ్లకీ మధ్య ఒప్పందం అదే.

ఇవి రాజసభల కథలు. జనం చూసిన వినోదాల కోసం పాల్కురికి సోమనాథుణ్ని అడగాలి. 13వ శతాబ్దపు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో ఆయన శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని, వారి ముందు సాగిన ఆటపాటల్ని వరుసగా చెబుతాడు. తోలుబొమ్మలు, గడల మీద ఆడేవాళ్లు, నాట్యాలు అన్నీ అందులో ఉన్నాయి. తెలుగు జానపద వినోదాల చరిత్ర రాసేవారెవరైనా ఆ ప్రకరణాన్ని తిరగేయక తప్పదు. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రచురించిన సురవరం ప్రతాపరెడ్డి కూడా కావ్యాల్లోంచి రాజుల గెలుపోటముల కంటే జనం ఆటల్ని, తిండిని, బట్టల్ని ఏరి చూపించారు. ఆ పుస్తకానికే 1955లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

శివరాత్రి జాతర సంగారెడ్డి ప్రాంతానికీ సొంతమే. ముత్తంగికి దగ్గర్లోని బీరంగూడ గుట్ట మీద మల్లికార్జునుడికి జాతర సాగుతుంది. జహీరాబాద్ వైపు ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు, మెదక్ దగ్గర మంజీరా పాయల మధ్య ఏడుపాయల దుర్గమ్మ జనాన్ని రప్పిస్తారు. పటాన్‌చెరు కూడా ఫ్యాక్టరీలతో పుట్టిన ఊరు కాదు. కళ్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా పేరు మోసిన పట్టణం, 11వ శతాబ్దంలో జయసింహుడు రాజధానిగా చేసుకుని పాలించిన చోటు. రాజు ఉన్న చోటుకు, జాతర జరిగే చోటుకు ఆటగాళ్లు వెళ్తారు. వారి బతుకుతెరువు ఎక్కువగా ఆ రెండు చోట్లా దొరికేది.

ఆ ఆటగాళ్లలో శాసనాలకెక్కినవాళ్లు విప్రవినోదులు. తెలుగు మాట్లాడే ఈ ఐంద్రజాలికుల పేరు విజయనగర కాలపు శాసనాల్లో, ముఖ్యంగా 16వ శతాబ్దంలో, రాయలసీమ ప్రాంతంలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అగ్రహారాల బ్రాహ్మణుల నుంచి తమకు రావలసిన సంభావనల్ని వాళ్లు గుడికి రాసిచ్చినట్టు ఆ శాసనాలు చెబుతాయి. ఈ చిన్న సమాచారంలో పెద్ద సంగతి ఉంది. ఎవరైనా ఏదైనా గుడికి దానమివ్వాలంటే అది ముందు వారి హక్కుగా ఉండాలి. అంటే విప్రవినోదికి ఊళ్లో దక్కేది దయతలచి వేసిన కాసు కాదు. ఊరు చెల్లించాల్సిన వాటా. ఆ వాటాను రాసిచ్చే అధికారం, దాన్ని రాతి మీద చెక్కించే స్థోమత రెండూ వాళ్లకు ఉన్నాయి.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి ఏడు సంపుటాల్లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో విప్రవినోదుల ప్రస్తావన ఉంది. లింగధారులని, బ్రాహ్మణుల ఎదుట విద్య చూపి పారితోషికం పొందేవాళ్లని అందులో రాశారు. శాసనాల నాటి విద్య మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా వృత్తిగా బతికే ఉందన్నమాట.

ఊరూరా తిరిగే గారడీవాడి సరంజామా మాత్రం చాలా తేలిక. భుజాన ఒక జోలె, చేతిలో డమరుకం లేదా డోలు, వెంట ఒక కుర్రాడు. జోలెలో చెక్క గిన్నెలు, గుడ్డ ఉండలు, తాడు, ఒక ఎండిన ఎముకో చిన్న బొమ్మో. డమరుకం మోగితే పిల్లలు ముందు చేరతారు, వాళ్ల వెనక పెద్దలు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉర్దూ మాటల్లో ఆట సాగించే మదారీలు వెంట ఉన్న కుర్రాణ్ని జమూరా అని పిలిచి ప్రశ్నలు వేస్తారు, వాడు జవాబులు చెబుతాడు. ఆ సంభాషణ కేవలం హాస్యం కోసం కాదు. వాడు మాట్లాడుతున్నంత సేపు జనం వాడి మొహం చూస్తారు. గారడీవాడి చేతులకు కావలసింది సరిగ్గా ఆ క్షణమే.

గిన్నెలూ బంతుల ఆట ఇలా ఉంటుంది. మూడు గిన్నెలు బోర్లిస్తాడు. ఒక గిన్నె కింద ఉండ పెట్టి, ఇంకో గిన్నె ఎత్తి చూపిస్తాడు. ఉండ అక్కడ ఉంటుంది. ఒక్కో గిన్నె కింద ఒకటి ఉందనుకుంటే మూడూ ఒకేచోట దొరుకుతాయి. చివర్లో ఉండలకు బదులు నిమ్మకాయో కోడిపిల్లో బయటికొస్తుంది. ఈ ఆట ప్రపంచమంతటా ఉంది. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలోనే రోమన్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో గిన్నెలూ గులకరాళ్లతో చేసే ఈ కనికట్టును ప్రస్తావించి, మోసం ఎలా జరిగిందో తెలిస్తే తనకు ఆసక్తి పోతుందన్నాడు. యూరప్‌లో లోహపు గిన్నెలు, బెండు ఉండలు వాడారు. భారతదేశంలో గిన్నె ఆకారమే వేరు. పొట్టిగా, గుండ్రంగా ఉండి, బోర్లిస్తే నెత్తిన చిన్న బుడిపె ఉంటుంది. ఆ బుడిపెను వేళ్ల మధ్య ఇరికించి ఎత్తితే అరచేతిలో దాచిన ఉండను ఎత్తుతూనే గిన్నె కిందికి జార్చవచ్చు. గిన్నె చెక్కిన వడ్రంగికి గారడీ పని తెలిసి ఉండాలి, లేదా గారడీవాడు పక్కన కూర్చుని చెప్పి ఉండాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని, చుట్టూ మూడు పక్కల జనం ఉండగా, బల్ల లేకుండా, పొడవాటి చొక్కా చేతులు లేకుండా చేసిన విద్య ఇది. స్టేజీ మీద తెర చాటున చేసే ఏ మ్యాజిక్ కంటే ఇది కష్టమైనది.

ఈ విద్య సముద్రం దాటింది. 1813లో లండన్ పాల్‌మాల్ వీధిలో భారతీయ గారడీవాళ్ల బృందం ప్రదర్శనలు ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో రామో సామీ అనే పేరుతో ఒక దక్షిణాది కళాకారుడు ఇంగ్లండ్‌లో, అమెరికాలో పేరు మోశాడు. రామస్వామి అన్న పేరు అక్కడివాళ్ల నోట అలా మారింది. విలియం హాజ్‌లిట్ 1821లో ప్రచురించిన తన వ్యాసాల సంపుటిలో భారతీయ గారడీవాళ్ల మీద ఒక వ్యాసం చేర్చాడు. ఒక ఆటగాడు నాలుగు ఇత్తడి బంతుల్ని గాలిలో తిప్పే తీరు చూసి, అంత నిర్దోషంగా తాను ఒక్క పనైనా చేయగలనా అని తన రాతనే తక్కువ చేసుకున్నాడు. ఇంగ్లిష్ వ్యాస సాహిత్యంలో పెద్ద పేరున్న రచయిత ఒక గారడీవాడి చేతుల ముందు తలవంచాడు. అయినా రామో సామీ 1850లో లండన్‌లో చనిపోయినప్పుడు ఖననం ఖర్చుకు అతని భార్య పత్రికా ముఖంగా సాయం అడగాల్సి వచ్చింది.

పాశ్చాత్య దేశాలు భారతీయ ఇంద్రజాలం పేరు చెప్పి వెర్రెత్తింది మాత్రం తాడు ఆట గురించి. గాలిలో నిలబడ్డ తాడు, దాన్ని ఎక్కి మాయమయ్యే కుర్రాడు. 1890లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక ఈ ఆటను కళ్లారా చూసినట్టు ఒక కథనం వేసింది. కొన్ని నెలలకు అది కల్పించి రాసిందని అదే పత్రిక ఒప్పుకుంది. అప్పటికే కథ ప్రపంచం చుట్టేసింది. 1934లో లండన్ మ్యాజిక్ సర్కిల్ ఆ ఆట చూపినవారికి 500 గినీలు ఇస్తామని ప్రకటించినా అందుకోగలిగినవారు రాలేదు. భారత సైన్యంలో పనిచేసిన మేజర్ బ్రాన్సన్ 1922లో భారతీయ గారడీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో తాడు ఆటను కొట్టిపారేసి, గిన్నెలూ బంతుల ఆటను మాత్రం శ్రద్ధగా వివరించాడు. పత్రిక పుట్టించిన తాడు ఆటకు లోకమంతా పేరొచ్చింది. వీధి మనిషి చేతుల్లో నిజంగా ఉన్న బంతుల ఆటకు ఆ గౌరవంలో వందో వంతు దక్కలేదు.

గౌరవం దక్కకపోవడం ఒక ఎత్తు, నేరగాళ్ల జాబితాలో పడటం ఇంకో ఎత్తు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 సవరణతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఊరూరా తిరుగుతూ గడల మీద ఆడే దొమ్మరుల వంటివాళ్లు దాని కింద పడ్డారు. ఇల్లు లేకుండా తిరగడమే అనుమానానికి కారణమైంది. 1952 ఆగస్టు 31న స్వతంత్ర భారతం ఆ ముద్ర తీసేసింది. కానీ 1959లో బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ఇంకో ముద్ర తెచ్చింది. పాట పాడి, ఆట ఆడి, జోస్యం చెప్పి, ప్రదర్శన ఇచ్చి బహిరంగ స్థలంలో డబ్బు తీసుకోవడాన్ని కూడా ఆ చట్టం భిక్షాటన కిందే లెక్కగట్టింది. తర్వాత అది ఢిల్లీకీ వర్తించింది. ఆంధ్రప్రదేశ్ 1977లో తనదైన భిక్షాటన నిరోధక చట్టం చేసుకుంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్ రోడ్ల మీద అడుక్కోవడాన్ని పోలీసులు రెండు నెలలు నిషేధించారు. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు భిక్షాటనను నేరంగా చూసే నిబంధనల్ని ఢిల్లీ వరకు కొట్టేసింది. విజయనగర కాలంలో తన వాటాను గుడికి రాసిచ్చిన విద్యకు 20వ శతాబ్దపు చట్టం పెట్టిన పేరు బిచ్చం.

వీధిలో విద్యకు చోటు తగ్గుతున్న కాలంలోనే గదుల్లో దానికి తలుపులు తెరుచుకున్నాయి. పారిస్‌లో రాబర్ట్ హూడాన్ 1845లో సొంత థియేటర్ పెట్టి, పెద్దమనుషులు వేసుకునే సూటు తొడుక్కుని మ్యాజిక్ చేశాడు. తిరునాళ్ల ఆటగాడు నాటకశాల కళాకారుడయ్యాడు. 1876లో లండన్‌లో ప్రొఫెసర్ హాఫ్‌మన్ మోడరన్ మ్యాజిక్ అనే పెద్ద పుస్తకం వేసి రహస్యాలన్నీ మధ్యతరగతి ఇళ్లకు అందించాడు. మ్యాజిక్ పెట్టెలు పిల్లల కానుకలయ్యాయి. తండ్రి నుంచి కొడుక్కి గుట్టుగా అందే విద్య డబ్బిస్తే దొరికే పుస్తకమైంది. 1890ల్లో ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే ఇంద్రజాలికుల చేతుల కదలికల్ని వరుస ఫొటోలు తీయించి పరిశీలించాడు. విడివిడి ఫొటోల్లో కనికట్టు కనబడలేదు. కదలికలో కంటికి దొరకని మోసం ఆగిన బొమ్మలో పట్టుబడిపోయింది. పిల్లల తెలివి కొలిచే పరీక్షకు ఆ తర్వాత ఆద్యుడైంది ఈ బినేయే.

ఇక స్పాంజ్ సంగతి. గుడ్డ ఉండ నొక్కితే కొద్దిగా అణుగుతుంది. బెండు ఉండ అసలే అణగదు. 1920ల్లో అమెరికా ఇంద్రజాలికులు స్పాంజ్‌ను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి వాడటం మొదలుపెట్టారు. 1929లో డన్‌లప్ కంపెనీ రబ్బరు పాల నుంచి నురగ తయారుచేసింది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురిథేన్ కనిపెట్టింది. 1950ల్లో దాని మెత్తటి ఫోమ్ మార్కెట్లోకి వచ్చింది. సోఫాలకు, పరుపులకు, కారు సీట్లకు తయారైన పదార్థం ఇంద్రజాలికుడి జేబులోకీ చేరింది. నొక్కితే వేలి మడతలో ఇమిడిపోతుంది, వదిలితే చప్పుడు లేకుండా ఉబ్బుతుంది, కింద పడినా శబ్దం రాదు, మెత్తగా ఉండి పిల్లలకు గుచ్చుకోదు. బేకరీలో పనిచేసి ఇంద్రజాలికుడైన అమెరికన్ ఆల్బర్ట్ గోష్‌మన్ స్పాంజ్ బంతుల తయారీనే వ్యాపారంగా మార్చి ప్రపంచమంతా పంపాడు. 1976లో ఫ్రాంక్ గార్సియా ఈ ఒక్క ఆట మీదే ఒక విజ్ఞాన సర్వస్వం రాశాడు.

స్పాంజ్ తెచ్చిన అసలు మార్పు చోటు మార్పు. గిన్నెల ఆటలో అద్భుతం గిన్నె కింద జరుగుతుంది. స్పాంజ్ ఆటలో అది చూసేవాడి గుప్పిట్లోనే జరుగుతుంది. గారడీవాడు నేల మీద కూర్చున్నప్పుడు పిల్లలు గీత దాటి లోపలికి రాకూడదు. ఇప్పుడు పాపే ఆటకు గిన్నె అయింది. తన చెయ్యి తానే మూసుకుంది, తానే తెరిచింది. ఎవరో మార్చేశారని అనుమానించే వీల్లేదు. స్పాంజ్ బంతి పిల్లలకు అంత నచ్చడానికి కారణం ఇదే.

చేయడం కూడా కష్టం కాదు. ఆడించేవాడు ఒక బంతిని ఎడమ చేతికి మార్చినట్టు చూపి, కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు మడతలోనే ఉంచుకుంటాడు. ఎడమ గుప్పిట మూసి దాని వైపే చూస్తాడు. పిల్లలు ఆయన చూపును అనుసరిస్తారు. బల్ల మీద మిగిలిన బంతిని కుడి చేత్తో తీసినప్పుడు దాచిన బంతి కూడా దానికి అంటుకుని ఒకటే బంతిలా నలుగుతుంది. ఆ రెండింటినీ ఒకటిగా పాప అరచేతిలో పెట్టి, గట్టిగా నొక్కి మూయమంటాడు. తర్వాత ఎడమ గుప్పిట ఊది తెరుస్తాడు, ఖాళీ. పాప తెరుస్తుంది, రెండు. ఇందులో ఉన్నవి మూడే విషయాలు. దాచిన చేతిని బిగపట్టకుండా మామూలుగా ఉంచడం, ఖాళీ చేతిని తానే నమ్మి చూడటం, తొందరపడకపోవడం. చెక్క గిన్నెల గారడీవాడు తన కొడుక్కి నేర్పిన మొదటి పాఠాలు కూడా ఇవే.

తెలుగువాళ్లకు మ్యాజిక్ స్టేజీ మోజు తెచ్చినవారిలో పి.సి. సర్కార్ ఒకరు. 1913 ఫిబ్రవరి 23న బెంగాల్‌లో పుట్టి, మహారాజు వేషంలో ప్రపంచమంతా తిరిగి, 1971లో జపాన్ పర్యటనలో ప్రాణం విడిచారు. తెలుగునాట బి.వి. పట్టాభిరామ్ దశాబ్దాల పాటు ఇంద్రజాలాన్ని, హిప్నాటిజాన్ని, మనస్తత్వ శాస్త్రాన్ని కలిపి ప్రదర్శనలతో, పుస్తకాలతో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. 2025లో ఆయన కన్నుమూశారు. సామల వేణు వంటి హైదరాబాద్ ఇంద్రజాలికులు ఆ బాటను కొనసాగిస్తున్నారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం మిమిక్రీ, జానపద కళలతో పాటు ఇంద్రజాలాన్ని కూడా పాఠ్యాంశం చేసింది. హైదరాబాద్‌లోని ఆ విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. జనం ఆటల చరిత్ర రాసిన మనిషి పేరున్న చోట గారడీ విద్య చదువుగా నిలవడం సముచితం.

గారడీ గుట్టు తెలియడం మూఢనమ్మకానికి విరుగుడు కూడా. ఉమ్మడి మెదక్ జిల్లాకు సంగారెడ్డే కేంద్రంగా ఉండేది. ఆ జిల్లా పల్లెల్లో 1980ల్లో బాణామతి భయం ప్రబలింది. ఎవరో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, పళ్లు పీకిన ఘోరాలు జరిగాయి. విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు, వైద్యులు ఆ పల్లెలకు వెళ్లి జనంతో మాట్లాడారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కూడా ఊళ్లలో ఇంద్రజాల ప్రదర్శనల ద్వారా బాబాల మహిమల గుట్టు చెబుతూ వచ్చింది. చేతిలోంచి విబూది రాల్చడం, నిప్పు మింగడం, కొబ్బరికాయలోంచి పూలు తీయడం మొదట చేసి చూపించి, తర్వాత ఎలా చేశారో విప్పి చెప్పడం వారి పద్ధతి. గుప్పిట్లో బంతి మాయమవడం వెనక చేతి నేర్పు ఉందని చిన్నప్పుడే తెలుసుకున్న పిల్లవాడు పెద్దయ్యాక గాలిలోంచి ఉంగరం తీసే స్వామి ముందు అంత తేలిగ్గా సాగిలపడడు. ఈ ఒక్క కారణానికైనా స్పాంజ్ బంతి ప్రతి బడిలో ఉండాలి.

ముత్తంగి చుట్టుపక్కల ఈ ఆటకు ఇంకో ఉపయోగం ఉంది. 1960ల్లో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం, 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి. ఒకే తరగతిలో తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి మాట్లాడే పిల్లలు కూర్చుంటున్నారు. మొదటి వారం ఒకరి మాట ఒకరికి తెలియని చోట రెండు ఎర్ర బంతులు అందర్నీ ఒకేసారి నవ్విస్తాయి. పాత గారడీవాడు కూడా మాట తెలియని ఊళ్లలో ఈ చేతులతోనే బతికాడు.

పెద్దలు గుర్తుంచుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. స్పాంజ్ అణుగుతుంది కాబట్టి పెద్దదిగా కనిపించే బంతి కూడా పసివాడి గొంతులో ఇరుక్కోగలదు. మూడేళ్లలోపు పిల్లల చేతికి దీన్ని ఇవ్వకూడదు. వాళ్లకు దూరం నుంచి చూపిస్తే చాలు. ఆట అవగానే బంతులు లెక్కపెట్టి పెట్టెలో వేయాలి. అంచులు చిరిగి ముక్కలు రాలుతున్న బంతిని పారేయాలి. దుకాణంలో కొనేటప్పుడు 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు తప్పనిసరైన ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. నాలుగైదేళ్ల పిల్లలకు ఒకటి రెండవడం, ఎరుపు పచ్చగా మారడం చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చినవాళ్లకు రహస్యం కూడా నేర్పాలి. నేర్చుకున్న పిల్లలు ఇంటికెళ్లి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చేసి చూపిస్తారు.

గారడీ విద్య పుస్తకాల్లోకి, థియేటర్లలోకి, విశ్వవిద్యాలయంలోకి, బొమ్మల దుకాణంలోకి చేరింది. దాన్ని మోసుకొచ్చిన కుటుంబాలు మాత్రం వాటిలో దేనికీ చేరలేదు. ఇది సరిదిద్దగలిగిన అన్యాయం. నవంబరు 14న బాలల దినోత్సవానికి, బడి వార్షికోత్సవానికి, కాలనీ వినాయక మండపానికి, పుట్టినరోజుకు స్పాంజ్ బంతులు కొనండి, నేర్చుకోండి, చేయండి. వాటితో పాటు మీ జిల్లాలో ఇంకా డమరుకం మోగిస్తున్న గారడీ కుటుంబం ఉంటే వారిని పిలవండి. స్టేజీ మీద చోటివ్వండి, పేరు చదివి పరిచయం చేయండి, ముందే మాట్లాడుకున్న పారితోషికం చేతిలో పెట్టండి. ఐదు వందల ఏళ్ల కింద విప్రవినోదికి ఈ నేల అంత మర్యాద చేసింది.